దించని షామియానా

హరికిషన్‌కు పదిహేడో ఏట అల్వాల్‌లో ఒక టెంట్‌హౌస్‌లో పని దొరికింది. అదే వారం బొల్లారం నుంచి షాలేమ్ అనే అతని ఈడువాడు కూడా వచ్చి చేరాడు. గుంజలు పాతడం, తాళ్లు బిగించడం, పెళ్లి అయిపోయాక అన్నీ విప్పి బండికెత్తడం, ఇదీ పని. షామియానాలు వేసేవాళ్లకు గాలివాన పగవాడి కిందే లెక్క. ఏప్రిల్ వచ్చిందంటే టెంట్‌హౌస్ యజమాని ఆకాశం వంక చూసి గొణుక్కునేవాడు. వీళ్లిద్దరికీ మాత్రం మబ్బు పట్టిందంటే ప్రాణం లేచొచ్చేది.

చేరిన మొదటి వేసవిలోనే ఒక దుమారం లేచి షామియానా గుడ్డ పైకి ఉబ్బింది. మూలతాడు పట్టుకున్న షాలేమ్ కాళ్లు నేలను వదిలాయి. రెండడుగుల ఎత్తున వేలాడుతూ, భయపడాల్సింది పోయి పకపకా నవ్వాడు.

"కిషన్, నువ్వు సుత పట్టు రా."

హరికిషన్ పరుగెత్తి అదే తాడు పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి బురదలో పడ్డారు. అప్పుడు కుదిరిన స్నేహం ముప్పై ఏళ్లు నడిచింది.

పని లేని రోజున మబ్బు కమ్మితే సైకిళ్లేసుకుని మౌలాలి గుట్టకు పోయేవారు. జనం హడావుడిగా దిగివస్తుంటే వీళ్లు ఎదురెక్కేవారు. పైన గాలికి ఎదురు నిలబడితే మాట మళ్లీ నోట్లోకే తిరిగొచ్చేది. వాన తెల్లటి తెరలా నేరేడ్‌మెట్ ఇళ్లను ఒక్కొక్కటే కప్పేస్తూ తమ వైపు రావడం చూస్తూ, ఎంతసేపట్లో తమను తాకుతుందో పందెం వేసుకునేవారు. ఎప్పుడూ షాలేమే గెలిచేవాడు. గెలిచినందుకు హరికిషన్ డబ్బుతో మిర్చిబజ్జీలు తిని, సగం అతనికే పెట్టేవాడు.

షాలేమ్ భార్య ఫెయిత్ ఇంట్లోనే బట్టలు కుట్టేది. హరికిషన్ పెళ్లి చేసుకోలేదు. ఆదివారం భోజనం వాళ్లింట్లోనే. ఇద్దరూ తడిసి ముద్దై వస్తే, "ఏందన్నా ఇది, ఆయనకు బుద్ధి లేకపోతే నీకన్న ఉండాలె గదా" అంటూ ఫెయిత్ తువ్వాళ్లు విసిరేది.

రెండేళ్ల కిందటి ఏప్రిల్‌లో నేరేడ్‌మెట్‌లో ఒక ఖాళీ ప్లాటులో ఓణీల ఫంక్షన్‌కు షామియానా వేశారు. భోజనాలయ్యాయి. మధ్యాహ్నం మూడింటికి శామీర్‌పేట దిక్కు నల్లబడి, వెలుతురు పసుపు రంగుకు తిరిగింది. చుట్టాలంతా ఇంట్లోకి పరుగెత్తారు. షామియానా కింద వీళ్లిద్దరే మిగిలారు. గుడ్డ టపటపా కొట్టుకోవడం మొదలైంది.

"దించుదాం రా కిషన్. ఇది మామూలు గాలి గాదు," అన్నాడు షాలేమ్.

హరికిషన్‌కు అప్పటికే ఒళ్లు తేలిపోతోంది. ఆ ఏడాదికి అదే మొదటి గాలి.

"జెర ఆగు రా. ఇప్పుడే గదా షురూ అయింది."

షాలేమ్ అతని మొహం చూసి నవ్వాడు. మూలతాడు చేతికి చుట్టుకుని నిలబడ్డాడు. రెండు నిమిషాలు గడిచాయో లేదో, ఒక్క విసురుకు మూలనున్న ఇనుపగుంజ భూమిలోంచి ఊడి లేచి, తిరిగి వచ్చి అతని తల వెనక తగిలింది.

మూడు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. కళ్లు తెరవలేదు. మాట్లాడకుండానే పోయాడు.

ఎలా జరిగిందని అందరూ అడిగారు. "దించనీకి టైమ్ లేకుండె," అన్నాడు హరికిషన్. అదే మాట యజమానికి చెప్పాడు, పోలీసులకు చెప్పాడు, ఫెయిత్‌కూ చెప్పాడు. ఎవరూ అతన్ని తప్పుపట్టలేదు.

టెంట్ల పని మానేసి ఒక ఫంక్షన్‌హాల్‌లో కుర్చీలు వేసే పనికి కుదిరాడు. సిమెంటు కప్పు, నాలుగు గోడలు. అయినా ఆదివారాలు ఫెయిత్ ఇంటికి వెళ్లడం మానలేదు. ఈసారి నిజం చెప్పాలి అనుకుంటూ వెళ్లేవాడు. అన్నం తిని వచ్చేవాడు. అట్లా ఏడాది గడిచింది.

ఒక ఆదివారం ఫెయిత్ మిషన్ తొక్కుతూ మాట్లాడుతోంది.

"చర్చిల అందరు ఆయన మంచోడంటరు. నాకైతే కోపమే వస్తదన్నా. గాలి జూస్తే మతి ఉండకపోయేది మనిషికి. టెంటు దించుదామని ఒక్కసారన్న అనుకోలే. ఇంట్ల నేనున్న అని సుత యాదికి రాలే. సమాధి కాడికి పోబుద్ది గాదు నాకు."

హరికిషన్ గ్లాసు కింద పెట్టాడు.

"అన్నడు చెల్లె."

"ఏమన్నడు?"

"దించుదామన్నడు. నేనే జెర ఆగుమన్న."

మిషన్ ఆగింది.

"ఎంతసేపు?"

"రెండు నిమిషాలు. అంతకన్న తక్కువే ఉండొచ్చు."

ఫెయిత్ సూది కిందున్న గుడ్డను మెల్లగా బయటికి లాగి, దారం తెంపింది.

"ఏడాది సంది ఆయన్ను తిడుతున్న. నువ్వు గీ కుర్చీలనే కూసోని విన్నవ్."

"చెప్పాలనే వచ్చెటోన్ని, ప్రతిసారి."

"ఇగ రాకు అన్నా."

అరవలేదు, ఏడవలేదు. అన్నా అనే పిలుపు కూడా మానలేదు. అతన్ని ఎక్కువగా కోసింది అదే.

జూన్‌లో ఒక సాయంత్రం హరికిషన్ బొల్లారం సమాధుల తోటకు వెళ్లాడు. ఫెయిత్ అక్కడ కూర్చుని రాతి చుట్టూ పెరిగిన గడ్డి పీకుతోంది. ఏదో మెల్లగా చెబుతోంది. భర్తతోనే మాట్లాడుతోందని అర్థమైంది. గేటు దగ్గరి నుంచే వెనక్కి తిరిగాడు. ఆమెకు తన మొగుడు తిరిగి దొరికాడు. ఆ మాత్రం మేలు ఏడాది ముందే చేసి ఉండాల్సింది.

అతనికి మాత్రం ఏదీ దొరకలేదు. షాలేమ్ పోయాక గాలంటే భయమో అసహ్యమో పుడుతుందనుకున్నాడు. పుట్టలేదు. ఆ సంగతి ఎవరితోనూ చెప్పుకోలేడు. మొన్న ఈదురుగాలి లేచినప్పుడు హాల్ వెనక కొబ్బరిచెట్టు వంగి గోడను రాసుకుంటుంటే, చేతిలో కుర్చీ అక్కడే వదిలేసి బయటికి నడిచాడు. మొహానికి దుమ్ము కొట్టింది. గుండె నిండిపోయింది, పదిహేడో ఏట నిండినట్టే. వెంటనే గోడ పట్టుకుని కక్కుకున్నాడు.

"తబియత్ బాగలేదా?" అని వాచ్‌మన్ అడిగాడు.

"ఏం లేదు. ఎండకు."

నెత్తిన చినుకులు పడుతుండగా ఆ మాట అన్నాడు. వాచ్‌మన్ ఒకసారి ఆకాశం వైపు, ఒకసారి అతని వైపు చూసి, షట్టర్ దించడానికి వెళ్లాడు. హరికిషన్ వాన వెలిసేదాకా అక్కడే నిలబడి, తర్వాత లోపలికి వెళ్లి, తలుపు పక్కన తడిసిన కుర్చీలు తుడవడం మొదలుపెట్టాడు.