దుప్పట్లలో నిప్పురవ్వలు

మా చెల్లెలి గొప్ప చెప్పుకోవడానికి నేను ఎవరి అనుమతీ అడగను. ఊరి బడిలో నా పక్కనే కూర్చుని చదివింది. భర్త పోయాక ఆసుపత్రి లాండ్రీలో చేరి ఇద్దరు కొడుకులను నిలబెట్టింది. సైన్సు టీచరమ్మను పెద్ద కోడలిగా తెచ్చుకుంది. ఆ సంబంధం కుదిర్చింది నేనే, అది వేరే సంగతి. ఆమె దుప్పటి మడిస్తే అంచుకు అంచు అతికినట్టు ఉండేది.

అలాంటి మనిషిని ఒక చలికాలం మడతల బల్ల దగ్గర నుంచి తీసేయబోయారు. ఆమె మడిచిన ఉన్ని దుప్పటి అందుకుంటే చిటుక్కుమని రవ్వ లేచేది, అందుకున్నవాళ్ల చేయి జివ్వుమనేది. ఆమె చేతిలోనే ఏదో ఉందని తోటివాళ్లు దూరం జరిగారు. సూపర్‌వైజర్ బట్టలు నానబెట్టే తొట్ల దగ్గరికి వెళ్లమన్నాడు. తడి బట్టలు ఎత్తితే ఆమె నడుము నిలవదు. అంటే ఉద్యోగం మానుకోమన్నట్టే. చెల్లెలు కూడా బెదిరిపోయి, ఇంట్లో మనవరాలిని ఎత్తుకోవడం మానేసింది.

అది చూసి కోడలు ఆమెను పక్కన కూర్చోబెట్టుకుంది.

"అత్తయ్యా, రవ్వ కనిపించింది, చప్పుడు వినిపించింది, చేయి జివ్వుమంది. సైన్సులో దృగ్విషయం అంటే అంతవరకే. మీ చేతిలో దోషముందన్నది ఎవరూ చూడలేదు, వాళ్లు అతికించారు."

దృగ్విషయమంటే వింతే కానక్కర్లేదట. నీళ్లు మరగడం, ఇనుము తుప్పుపట్టడం కూడా దృగ్విషయాలేనట. ముందు కనిపించింది కనిపించినట్టు చెప్పాలి, ఎప్పుడు వస్తోందో ఎప్పుడు రావడం లేదో చూడాలి, కారణం ఆ తర్వాతే వెతకాలి అంది. ఎప్పటినుంచి ఇలా అని ఆరా తీస్తే, తడి నేల మీద జారిపడ్డాక కొత్తగా కొన్న రబ్బరు బూట్ల దగ్గర తేలింది. మిగతావాళ్లవి తోలు చెప్పులు.

మర్నాడు చెల్లెలు ఆ బూట్లు విప్పి దుప్పట్లు మడిచింది. రవ్వ లేదు. బూట్లు తీసుకెళ్లి సూపర్‌వైజర్ ముందు పెట్టి, ఇవి తొడుక్కుని మడిచి చూడమంది. ఆయన పాదాలు సగమే పట్టాయి. నవ్వుతూనే నాలుగు దుప్పట్లు మడిచి, ఇనుప తలుపు మీద చేయి వేయగానే రవ్వ లేచి గంతేశాడు.

"తొట్ల దగ్గర మీక్కూడా చోటు చూడమంటారా సార్?" అంది మా చెల్లెలు.

గది గదంతా నవ్వింది. పొడిగాలిలో ఉన్ని రాపిడికి పుట్టే కరెంటు, రబ్బరు అడ్డుపడి నేలలోకి దిగదని కోడలు తర్వాత విడమరిచి చెప్పింది. అప్పటికే చెల్లెలు తోలు చెప్పులతో తన బల్ల దగ్గరికి చేరింది. ఆ సాయంత్రం ఇంటికి రాగానే, సంచీ కూడా దించకుండా మనవరాలిని ఎత్తుకుంది.