అక్కా, కాస్త పట్టుకో

ఈ సాయంత్రం సరిగ్గా దీపం పెట్టే వేళకు నా కుడిచేతి రెండు వేళ్లు బాణానికి అతుక్కుపోయాయి.

మా చెల్లెలు సుజాత ప్రత్తిపాడులో విలువిద్య నేర్పుతుంది. రేపు ఒంగోలులో తనే పోటీకి దిగుతోంది. కార్బన్ బాణంలో మొన బిగించే చిన్న లోహపు గొట్టం ఇవాళ ఊడిపోయింది. రెండు ట్యూబులు కలిపి తెల్లారేదాకా ఆరనిచ్చే జిగురా, క్షణంలో పట్టేసేదా అని నన్నడిగింది. నిదానంగా ఆరేదే మంచిదన్నాను.

"అంత టైమెక్కడిదక్కా? కాస్త పట్టుకో" అంటూ రెండోదే పోసింది. అది కారి నా వేళ్ల మీదికి వచ్చింది. అప్పుడే ఎదురు డాబా మీది మిరపకాయల ఘాటుకు తుమ్మొచ్చింది.

"కదలకక్కా, బాణం పాడైపోద్ది!"

"మరి నా వేళ్లో?"

"రేపు పోటీలో నీ వేళ్లు లేవుగా!"

గోరువెచ్చని సబ్బునీళ్లలో చెయ్యి పెట్టుకుని, మనసులోనే నామం చెప్పుకుంటూ పావుగంట కూర్చున్నాను. వేళ్లు వచ్చాయి. వాటితోపాటు ఆ గొట్టం కూడా ఊడి వచ్చింది.

సుజాత బాణం లోపల స్పిరిట్‌తో శుభ్రంగా తుడిచి, రెండు ట్యూబులూ కలిపింది.

"అక్కా, ఇది కుదురుకునేదాకా కాస్త పట్టుకో."

చిన్నప్పుడు దాని పలక, తమ్ముడి పెళ్లిలో నగల పెట్టె, ఆసుపత్రిలో అమ్మ మందుల సంచి, అన్నీ నేను పట్టుకున్నవే. ఇదీ పట్టుకున్నాను. దీపం మాత్రం ఈ రోజు సుజాత చేత పెట్టించాను.

మీ ఇళ్లలోనూ ఇలా పట్టుకునే పెద్దక్కలుంటే చెప్పండి, ఒక చెయ్యి ఖాళీ అయినప్పుడు.