పసుపు కింద బుగ్గ

గౌలిపురలో ఇరవై ఏళ్లుగా బ్యూటీ పార్లర్ నడుపుతున్న మహేశ్వరికి ఒకటి బాగా తెలుసు: జారిన బుగ్గల్ని ఏ ఫేషియలూ పైకి లేపదు. ఆ మాట గిరాకీలకు మొహం మీదే చెప్పేది. కానీ అన్న భార్య రాజమణి, "కొడుకు పెండ్లి ఫొటోల్ల ముసల్దాని లెక్క కనపడాల్నా?" అని ఏడ్చేసరికి మెత్తబడింది. ముందు చర్మం డాక్టరు దగ్గరికే పంపింది. మెషీన్‌తో చర్మం బిగుసుకోవాలంటే నెలలు పడుతుందని ఆయన చెబితే వదిన వింటుందా! చివరికి, ఇంటికొచ్చి బుగ్గల్లో ఫిల్లర్ మందు సూదితో నింపే ఒకామె నంబరు ఇచ్చింది. అంత తెలిసిన మనిషి చేసిన బుద్ధితక్కువ పని అది.

నలుగు రోజు పొద్దున రాజమణి గుట్టుగా సూది వేయించుకుంది. సాయంత్రం ముత్తయిదువలు కొడుకుతో పాటు ఆమెకూ ముఖం నిండా పసుపు పూశారు. పాటలు, నవ్వులు, ఒకటే లొల్లి. రాజమణి మాత్రం ఎడమ బుగ్గ పట్టుకుని పళ్లు బిగబట్టి కూర్చుంది.

"ఏమైంది వదినా?"

"ఏం గాలే. పసుపు మండుతుంది."

పసుపు మండడమేమిటి! మహేశ్వరి తడిగుడ్డతో ఆ బుగ్గ తుడిచింది. ముక్కు పక్కన చర్మం తెల్లగా పాలిపోయింది, చుట్టూ ఊదారంగు మరకలు. వేలితో నొక్కి వదిలింది. ఎరుపు తిరిగి రాలేదు. మందు రక్తనాళానికి అడ్డం పడిందన్నమాట. ఆలస్యమైతే అక్కడి చర్మం చచ్చిపోతుంది.

"లే వదినా, డాక్టర్ దగ్గరికి పోదాం."

రాజమణి ఆమె మణికట్టు గట్టిగా పట్టుకుని గుసగుసలాడింది. "సూది సంగతి చెప్పినవంటే సస్త పిల్లా!"

మహేశ్వరి తల్లి కాశమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది. "పసుపు పూసినంక గడప దాటుతరానే? ఏం పుట్టింది మీకు?"

"బుగ్గకు సూది ఏయించుకుంది అవ్వా. నంబరు నేనే ఇచ్చిన. ఇంక ఆపితే మొఖం ఖరాబైతది, జరుగు!"

పాటలు ఆగిపోయాయి. అక్కడున్న ఆడవాళ్లలో సగం మంది ఆమె గిరాకీలే.

ఆస్పత్రిలో డాక్టరు ఫిల్లర్‌ను కరిగించే మందు బుగ్గలో నాలుగు చోట్ల వేశాడు. గంట గడిచింది. రంగు మారలేదు. మళ్లీ వేశాడు. మహేశ్వరి ఇంకో గంట మంచం పక్కనే కూర్చుంది.

"అందరి ముందట చెప్పినవ్," అంది రాజమణి. "ఇంక నీ పార్లర్‌కు ఎవరొస్తరే?"

"రాకుంటే రాకపోనీ. నువ్వు జర ఇటు తిరుగు."

వేలితో నొక్కి వదిలింది. ఈసారి ఎరుపు మెల్లగా పాకింది. మహేశ్వరి అక్కడే నేల మీద కూలబడి భోరుమంది.