నాడాల మేస్త్రికి వచ్చిన ముప్పై ఒకటి

గుర్రాలకు నాడాలు కొట్టడంలో మేస్త్రిని మించినవాడు లేడు. అది ఆయనే చెబుతాడు, నిజం కాబట్టి ఎవరూ కాదనరు. అంత పనిమంతుడికి ఒకటే జబ్బు, తోడల్లుడంటే కడుపుమంట.

ఇద్దరూ అక్కచెల్లెళ్ళను చేసుకున్నారు. ఇద్దరూ ఒకే జాతి గుర్రాలను పెంచుతున్నారు. పెద్దల్లుడైన తోడల్లుడి షెడ్డులో పద్నాలుగున్నాయి. వాటిలో ఎర్రటి మగగుర్రం దగ్గరికి చుట్టుపక్కలవాళ్ళంతా జత కట్టించడానికి తమ ఆడగుర్రాలను తోలుకొస్తారు. మేస్త్రికి ఉన్నవి రెండే: నల్లది అనే ఆడగుర్రం, దాని తండ్రైన ముసలి మగగుర్రం. నల్లది పుట్టిందే ఒక కడుపున పుట్టిన అన్నాచెల్లెళ్ళకు. పోనీ దాన్నైనా ఎర్రదానికి కట్టించవచ్చు కదా? "గొడ్డుగానైనా ఉంచుతాను, ఆ గడప మాత్రం తొక్కించను" అని మళ్ళీ దాని తండ్రికే కట్టించాడు మహానుభావుడు.

మొదటి పిల్ల చచ్చి పుట్టింది. రెండోది లేచి నిలబడలేక మూడోరోజున పోయింది.

"అన్నయ్య కళ్ళు పడ్డాయి" అని తోడల్లుడి మీదికి నెట్టేశాడు మేస్త్రి.

"బావగారు మన గుమ్మం తొక్కి ఏడాదైంది. అక్కణ్ణించే పడ్డాయా?" అంది భార్య.

"ఆయన కళ్ళకి దూరమొక లెక్కా?"

ఈలోగా పెంపకందార్ల సంఘానికి దిగులు పట్టుకుంది. ఏటికేడు ఆ జాతి తగ్గిపోతోంది. ఏ గుర్రం ఏ వంశానిదో, ఏది దేనికి చుట్టమో తేల్చడానికి ల్యాబు నుంచి ఒక అమ్మాయిని పిలిపించారు. ఆమె నల్లదాని జూలులోంచి వెంట్రుకలు కుదుళ్ళతో సహా పీకి కవరులో వేసుకుంటోంది.

"మా అన్నయ్య గుర్రానివి ఎన్ని పీకారమ్మా?"

"ముప్పై అండీ."

"అయితే దీనివి నలభై పీకండి."

రెండు నెలలకు ఫోనులో జాబితా వచ్చింది. మేస్త్రి ముందు తోడల్లుడి గుర్రం పేరే వెతికాడు. ఎర్రదానికి ఎనిమిది. నల్లదానికి ముప్పై ఒకటి. అందరికంటే ఎక్కువ! ఇక ఆయన కాళ్ళు నేల మీద నిలవలేదు. టీకొట్టులో చెప్పాడు, మంగలి దగ్గర చెప్పాడు. వదినగారికి ఫోను చేసి, "అన్నయ్యని బాధపడొద్దని చెప్పండి" అని ఓదార్చాడు కూడా.

మర్నాడు సంఘం హాల్లో ఆ అమ్మాయి విడమరిచి చెప్పింది.

"అవి మార్కులు కావండీ. దగ్గర రక్తం ఎంత కలిసిందో చెప్పే లెక్క. ఎంత తక్కువైతే అంత మంచిది."

హాలంతా నవ్వింది, తోడల్లుడు తప్ప. ఆయన నవ్వకపోవడమే మేస్త్రిని ఎక్కువ కాల్చింది.

ఆమె ఇంకో మాట చెప్పింది. ఈ జాతి మొత్తానికి మూలం ఏడుగురు తల్లులు. ఏడో తల్లి వరసలో మిగిలిన ఆడగుర్రం నల్లది ఒక్కటే. దానికి పదహారేళ్ళు, మహా అయితే ఇంకో కాన్పు. ఆడపిల్ల పుట్టకపోతే ఆ వరస అంతటితో సరి.

"నా పిల్లలు పోయింది ఈ రక్తం వల్లేనా?" అని అడిగాడు మేస్త్రి.

"ఖాయంగా చెప్పలేనండీ. అయ్యుండొచ్చు. ఈసారైనా దూరపు రక్తంతో కట్టించండి."

"అందరిలోకీ దూరం ఎవరిది?"

ఆమె జాబితా చూసింది. "మీ తోడల్లుడిగారి ఎర్రదే."

మేస్త్రి వారం రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఎనిమిదో రోజు నల్లదాని జూలు దువ్వి, తలవంచుకుని ఆ గడప దగ్గరికి నడిపించుకెళ్ళాడు. తోడల్లుడు ఏమీ అడగకుండా గేటు తీశాడు. ఒక్క దెప్పుపొడుపు మాట అనుంటే మేస్త్రికి ప్రాణం కాస్త తేలికపడేది.

పదకొండు నెలలకు పిల్ల పుట్టింది. ఆడపిల్ల. ఒళ్ళంతా ఎరుపు.

"అచ్చం బావగారి గుర్రం పోలికే" అంది భార్య.

మేస్త్రి గడియారం పట్టుకుని పిల్ల కాళ్ళే చూస్తున్నాడు. అది రెండుసార్లు కూలబడి, మూడోసారి లేచి నిలబడింది. ఆయన వెంటనే ఫోను తీశాడు.

"అన్నయ్యా, మీ పిల్లలు పుట్టిన ఎంతసేపటికి నిలబడతాయి?"

"గంట పడుతుంది."

"మాది నలభై నిమిషాలు."

"అయితే మీదే గెలిచింది తమ్ముడూ" అన్నాడు తోడల్లుడు. ఆ గొంతులో వెటకారం ఎక్కడైనా ఉందేమోనని మేస్త్రి ఎంత వెతికినా దొరకలేదు.

ఫోను పెట్టేసి గడ్డిమోపు మీద కూర్చున్నాడు. పోయిన రెండు పిల్లల కోసం, ఇక ఎవరి కళ్ళ మీదా నెట్టలేక, మొదటిసారి ఏడ్చాడు.