అమ్మ విడిగా పెట్టుకున్న కంచం

సిక్కింలో మా సైనిక పోస్టుకు చేరేసరికి మధ్యాహ్నం మూడయింది. పధ్నాలుగు వేల అడుగుల ఎత్తు. చివరి రెండు గంటలూ నడకే. వీపు మీద రైఫిలు, స్లీపింగ్ బ్యాగు, రేషను. చెట్టన్నది లేదు. రాయి, మంచు, గాలి. ఉప్పలగుప్తం దగ్గర కొబ్బరి తోటల్లో పెరిగినవాణ్ణి. ఊపిరి తీసుకోవడం కూడా ఒక పనేనని అక్కడే తెలిసింది.

బంకరులో నలుగురం. హవల్దారు, రేడియో ఆపరేటరు, వంటవాడు, నేను. నీళ్ళు కావాలంటే మంచు కరిగించాలి. గడ్డానికి కాగిన గిన్నెడు నీళ్ళే అందరికీ. రేజరు కూడా ఒకటే. చలికి పగిలిన చర్మం. బ్లేడు తగిలితే రక్తం వచ్చేది. ఎవరం పట్టించుకోలేదు.

డిసెంబరులో సామాన్లు మోసే ఒకతను లోయలోకి జారిపడ్డాడు. రక్తం కావాలని కింద ఆసుపత్రి నుంచి కబురొచ్చింది. హవల్దారూ నేనూ దిగాం. ఆయన రక్తం తీసుకున్నారు. నాది తీసుకోలేదు. ఇంకొన్ని పరీక్షలు చేశాక, మర్నాడు డాక్టరమ్మ నన్ను గదిలోకి పిలిచింది.

"నీకు హెపటైటిస్ బి ఉంది. పైకి ఏమీ తెలియకుండా ఏళ్ళ తరబడి ఉండొచ్చు. లివరు ఇప్పటికి బాగానే ఉంది. పెళ్ళయిందా?"

"అయింది మేడమ్. ఆవిడకి ఏడో నెల."

ఆవిడ పెన్ను కింద పెట్టింది.

"ఇవాళే ఫోన్ చెయ్యి. ఆమెకీ మీ అమ్మకీ పరీక్ష చేయించు. భార్యాభర్తల మధ్య ఇది అంటుకుంటుంది. కాన్పులో తల్లి నుంచి బిడ్డకి వస్తుంది. రేజరు, బ్రష్షు, గోళ్ళు తీసే కట్టరు, రక్తం అంటుకునే వస్తువు ఏదైనా సరే, ఎవరిది వాళ్ళదే."

రేజరు అనగానే బంకరు గుర్తొచ్చింది. చెప్పాను. మిగతా ఇద్దరి రక్తం కూడా కిందికి తెప్పించారు. ఫలితం రేడియోలో నేనే చెప్పాను.

"ముగ్గురికీ లేదు. టీకా వేస్తారు. ఓవర్."

కాసేపు గరగర. తరవాత ఆపరేటరు గొంతు. "అయితే ఆ రేజరు నువ్వే ఉంచుకో. ఓవర్."

పక్కనున్న వంటవాడి నవ్వు కూడా వినిపించింది. నేనూ నవ్వాను. కానీ ఇంటి సంగతి ఇంకా తేలలేదు.

రెండు రోజులకు నా భార్య లక్ష్మి ఫోన్ చేసింది.

"ఏవండీ, నాకేం లేదన్నారండీ. టీకా మొదలెట్టేరు." ఆమె గొంతు తగ్గింది. "అత్తయ్యగారికి ఉందన్నారండీ."

అమ్మ ఫోన్ అందుకుంది. "నా కడుపులోంచే నీకొచ్చిందేట్రా?"

"అప్పట్లో ఎవరికి తెలుసమ్మా?" అన్నాను.

ఆ రోజు నుంచే అమ్మ తన కంచం, గ్లాసు విడిగా పెట్టుకుందట. పడక అరుగు మీదికి మార్చిందట. పాప పుట్టాక ఒక్కసారైనా ఎత్తుకోలేదట.

మార్చిలో ఇంటికొచ్చాను. అమ్మ అరుగు చివర ఒక్కతే భోంచేస్తోంది. నేనూ కంచం తెచ్చుకుని పక్కన కూర్చున్నాను.

"వద్దురా, అవతలికెళ్ళు."

"నాకూ ఉన్నదేగా అమ్మా!"

నవ్వాపుకోలేకపోయింది. వెంటనే కళ్ళు తుడుచుకుంది.

మర్నాడు అందరం అమలాపురంలో డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాం.

"కలిసి తింటే రాదండీ. ఎత్తుకుంటే రాదు. పాపకి పుట్టిన రోజే టీకా పడింది. మీ చేతికి తెగితే మాత్రం కట్టు కట్టుకోండి," అన్నారాయన అమ్మతో.

అమ్మ కొంగు సర్దుకుంది. "మరి పాపకి నీళ్ళు పొయ్యొచ్చాండీ?"

"ఆయ్, నిక్షేపంగా పొయ్యండి."

సైన్యం వదిలి కొన్నేళ్ళయింది. అమ్మా నేనూ ఇప్పటికీ పరీక్షలకి కలిసే వెళ్తాం. ఇద్దరం బాగున్నాం. ఆ కొండలు చాలావరకు మరిచిపోయాను. డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చిన మర్నాటి ఉదయం మాత్రం నన్ను వదల్లేదు. పెరట్లో అమ్మ కాళ్ళు చాపుకుని కూర్చుంది. కాళ్ళ మీద పాప, ఒంటి నిండా నూనె. అమ్మ రెండు చేతులూ ఎండకేసి పట్టి, ఒక్కో వేలూ తిప్పి చూసుకుంది. ఎక్కడా తెగిన గీత కూడా లేదు.

అప్పుడు చెంబు ముంచింది.