బురదకు నా ఓటు

వీసా మీద బతికే రోజుల్లో మనిషికి వినయం కాస్త ఎక్కువగానే ఉంటుంది. నాకైతే ఒళ్ళంతా అదే. పరాయి దేశంలో, ఇన్వర్‌కార్గిల్ అనే పట్నంలో చదువు ముగించి, అక్కడికి గంట దూరంలో ఉన్న ఓ చిన్న ఊళ్ళో బడి కంప్యూటర్లు బాగుచేసే తాత్కాలిక ఉద్యోగంలో చేరాను. వాటిని కంప్యూటర్లనడం మర్యాద కోసమే. ఒకటి వీపు మీద చరిస్తే గానీ పలికేది కాదు, ఇంకొకటి హీటర్ పక్కన పెడితే తప్ప లేచేది కాదు (చలికాలంలో నేనూ అంతే). ఆ టర్ముతో నా పని సరి. తర్వాత ఇంకో ఉద్యోగం దొరక్కపోతే పెట్టె సర్దుకుని ఏలూరు వెళ్ళిపోవాల్సిందే.

సరిగ్గా అప్పుడే, చనిపోయిన ఓ పెద్దమనిషి ఊరికి కొంత సొమ్ము రాసిపెట్టాడని తెలిసింది. దాంతో బడికి కొత్త కంప్యూటర్లు కొనాలని మా ప్రిన్సిపాల్ మేడమ్ పట్టుబట్టింది. కాదు, బడి వెనకున్న చిత్తడి నేలను ఎవరో కొని పూడ్చెయ్యకముందే ఊరే కొని కాపాడాలని మా ఇంటి ఓనరమ్మ భీష్మించింది. ఆవిణ్ణి నేను ఆంటీ అనేవాణ్ణి, డెబ్భై ఏళ్ళుంటాయి. రెండింటికీ సొమ్ము చాలదు, ఊరంతా హాల్లో కూడి తేల్చుకోవాలన్నారు. కొత్త కంప్యూటర్లొస్తే చూసుకోవడానికి మనిషి కావాలి, ఆ మనిషిని నేనే అని నా ఆశ. ఆంటీ పెట్టిన బంగాళాదుంపలు తింటూనే ఆంటీకి వ్యతిరేకంగా ప్రసంగం రాసుకున్నాను. “నువ్వెటువైపు?” అని ఆవిడ సూటిగా అడిగితే, “మీ బిడ్డలాంటివాణ్ణి ఆంటీ” అన్నాను. అది జవాబు కాదని ఆవిడకీ తెలుసు.

మీటింగు రోజున నాకు తోడుగా ఇన్వర్‌కార్గిల్ నుంచి బావ వచ్చాడు (చుట్టరికమేమీ లేదు, కాలేజీ రోజుల నుంచీ అలా పిలవడం అలవాటంతే). బడిలో అలారం మోగుతోందని మేడమ్ ఆగిపోవడంతో ముందు నన్నే మాట్లాడమన్నారు. ల్యాప్‌టాప్ తెరిచాను. అది ఊరందరి ముందూ, అంత పెద్ద తెర మీద, అప్‌డేట్ మొదలుపెట్టింది. ఒక శాతం. రెండు శాతం. ఆ తెర ముందు నిలబడి నేను టెక్నాలజీ వేగం గురించి పావుగంట మాట్లాడాను. మూడు శాతం అయింది.

ఆంటీ ప్రసంగమేమీ చెయ్యలేదు. ఒక బకెట్ తెచ్చి బల్ల మీద పెట్టింది. అందులో బురద నీళ్ళు, నీళ్ళలో వేలెడంత చేప. “పాపం, దీనికి వెళ్ళడానికి వేరే చోటు లేదు” అంది. అంతే, ఊరు ఊరంతా వరస కట్టి తొంగి చూసింది. ఒకాయన టోపీ కూడా తీశాడు. ఆ మాటకొస్తే నాకూ వెళ్ళే చోటు లేదు, కానీ నన్నెవరూ బకెట్లో పెట్టి చూపించలేదు!

“నేల కావాలన్నవాళ్ళు ముందు లేచి నిలబడండి” అన్నాడు ఛైర్మన్. లేచినవాళ్ళను పెన్సిల్‌తో చూపిస్తూ లెక్కపెడుతున్నాడు. సరిగ్గా అప్పుడే తలుపు తీసుకుని మేడమ్ లోపలికొచ్చింది. టీచరు గడపలో కాలు పెట్టగానే లేవకపోతే వీపు విమానం మోత మోగే బడిలో చదివినవాణ్ణి నేను. నా కాళ్ళు నన్నడగలేదు. లేచి, చేతులు కట్టుకుని, “గుడ్ ఈవెనింగ్ మేడమ్!” అన్నాను. పెన్సిల్ నా మీదుగా వెళ్ళిపోయింది.

“అయ్యో, నేను లేచింది నేల కోసం కాదండీ, మేడమ్ కోసం” అని మొత్తుకున్నాను. “ఎందుకు లేచావని ఇక్కడ ఎవరినీ అడగడం లేదు. ఒక మనిషి ఒక్కసారే లేవాలి” అన్నాడు ఛైర్మన్. ఒకే ఒక్క ఓటు తేడాతో బురద గెలిచింది. ఆంటీ వచ్చి, ఆ బురద చేతుల్తోనే నన్ను కావలించుకుంది. “కూర్చోరా కూర్చోరా అని చొక్కా పట్టుకు లాగుతూనే ఉన్నాను కదరా! నోటి దగ్గర కూడు కాలదన్నుకున్నావు” అని బావ తల పట్టుకున్నాడు. నాకు ఆ పూట అన్నం సయించలేదు.

మర్నాడు మేడమ్ పిలిచింది. “నిన్న ఎందుకు లేచావు?”

“మీరొచ్చారు కదా మేడమ్.”

ఆవిడ టీ కప్పు కింద పెట్టేసింది. “ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేనొచ్చానని లేచినవాడివి నువ్వొక్కడివే” అంది. తర్వాత కొత్త కంప్యూటర్ల కాగితం నా ముందుకు తోసి, రెండో పేజీ చదవమంది. వాటితో పాటు కంపెనీ మనిషే వచ్చి అన్నీ చూసుకుంటాడట. అంటే నన్ను నేనే ఊడబెరుక్కోవడానికి పావుగంట ప్రసంగించానన్నమాట! “ఈ పాత డొక్కుల కోసం మాత్రం ఏ కంపెనీవాడూ రాడు. పర్మనెంటుగా ఉండిపోతావా?” అందావిడ. సిగ్గు లేకుండా ఏడ్చేశాను.

ఆ బడిలో కొన్నేళ్ళు చేశాక, ఇప్పుడు అదే దేశంలో హెండర్సన్ అనే ఇంకో చోట ఉద్యోగం. ఏ మీటింగైనా కాగితం అటూ ఇటూ తిప్పి చదివి, నాకేం లాభమో తేల్చుకున్నాకే చెయ్యెత్తుతాను. బిక్కమొహం వేసుకుని హాల్లో నిలబడ్డ ఆ వెర్రివాణ్ణి తలుచుకుంటే నవ్వూ వస్తుంది, వాడి మీద కాస్త అసూయా వస్తుంది. ఇంత తెలివిగా ఓటేస్తున్నా, ఆనాటి తర్వాత నా ఓటు వల్ల ఎవరికీ, చివరికి నాక్కూడా, ఒక్క మేలూ జరగలేదు.