కనబడే అతుకు

వేడి టంకం వాసన ముక్కుకు తగిలితే ఇప్పటికీ నాకు కాలు నిలవదు. ఇవాళ పొద్దున ఒక పాత గాజు గిన్నె అతుకుతుంటే ఆ వాసనతో పాటే సుశీలక్క గుర్తొచ్చింది. జనగామలో ఆమె పాత పింగాణీ, గాజు సామాన్లు కొని, బాగుచేసి అమ్మేది. డిగ్రీ అయ్యాక నేను ఆమె దగ్గర పనికి కుదిరాను. మొదటిరోజే ఒక నీలిపూల పళ్లెం చేతికొచ్చింది. పగిలినచోట ఎవరో ఎప్పుడో ఇత్తడి తీగతో కుట్టినట్టు అతికారు. నేను దాన్ని వెనక అరలో పెట్టాను. అక్క తీసుకొచ్చి అన్నిటికంటే ముందు నిలబెట్టింది.

"పగిలినదాన్ని ఎవరు కొంటరక్కా?"

"మంచిగున్నదాన్ని ఎవలైనా దాచుకుంటరు. గిది పగిలినంక గూడ పారెయ్య మనసొప్పలే వాళ్లకు. ఎంత పాయిరమో చూడు!" అంది, ఆ కుట్ల మీద వేలు పోనిస్తూ. ఆ తర్వాత నిగనిగలాడే కొత్త కప్పులు నా కంటికి ఆనలేదు.

ఆ ఏడు క్రిస్మస్ దగ్గరపడుతుండగా చిట్యాల నుంచి రాహేలమ్మ అనే పెద్దావిడ సంచిలో గాజుముక్కలు తెచ్చింది. వాళ్ల చర్చిలో తాతల నాటి దీపానికి ఉండే ఎర్రగాజు డోము అది. తుడుస్తుంటే ఆమె చేయి జారిందట. సిగ్గుతో చర్చికి పోవడమే మానేసిందట.

"అతుకు ఎవ్వలకు కనబడకుంట చెయ్యి బిడ్డా" అని బతిమాలింది.

సుశీలక్క ఆమెకు చాయ్ ఇచ్చి పక్కనే కూర్చుంది. "కనబడకుంట చేస్తే ఆ పగులు నీకొక్కదానికే తెలుస్తదవ్వా. చూసినప్పుడల్ల నీకే గుచ్చుకుంటది. కనబడనియ్యి, అందరిదైతది."

"నీ ఇష్టం. గని నేనైతే ఆడికి రాను" అని రాహేలమ్మ లేచి వెళ్లిపోయింది.

ఒక్కో ముక్క అంచుకు సన్నని రాగి రేకు చుట్టి, టంకం పోసి కలిపాం. ఒకచోట ముక్క దొరకలేదు. అక్క అక్కడ పచ్చ సీసా ముక్కను కోసి పెట్టింది. "ఎర్రదాంట్ల పచ్చదా అక్కా?" అన్నాను. "పోయినదాన్ని పోయిందనే చెప్పాలె పిల్లా" అని నవ్వింది.

క్రిస్మస్ ముందురోజు సాయంత్రం చిట్యాలలో దిగి, నేరుగా రాహేలమ్మ ఇంటికే పోయాం. "నువ్వు రాకుంటే దీన్ని ఎట్ల తగిలియ్యాల్నో మాకేం తెలుస్తదవ్వా?" అని అక్క ఆమె చేయి పట్టుకుని బయల్దేరదీసింది. చర్చిలో డోము బిగించి లోపలి బల్బు వేశాం. ఎర్రబారిన గోడల నిండా అతుకుల నీడలు కొమ్మల్లా విచ్చుకున్నాయి. వాటి మధ్య ఒకే ఒక్క పచ్చటి ఆకు!

"గిది మన పాత దీపమేనా? గీ కొమ్మలు ఎట్లొచ్చినయి?" అని జనం మూగారు. సుశీలక్క రాహేలమ్మ వైపు చూసింది.

రాహేలమ్మ కొంగు సర్దుకుని ముందుకొచ్చింది. "నా చేతులనే పగిలింది" అంది గట్టిగా. వేలెత్తి చూపింది. "గదిగో, ముందు గాడ తగిలింది. గట్లనే పైదాంక చీలింది." అందరూ మెడలెత్తి ఆ వేలు చూపినవైపే చూశారు. ఆమె మొదటినుంచి మళ్లీ చెప్పింది, ఇంకొంచెం ఉత్సాహంగా.

సుశీలక్క ఇప్పుడు లేదు. నా దగ్గరికి ఎవరైనా వచ్చి అతుకు దాచమంటే నేను వెంటనే పనిలోకి దిగను. కూర్చోబెట్టి, ఆ వస్తువు ఎలా పగిలిందో చెప్పించుకుంటాను. చెప్పడం పూర్తయ్యేసరికి చాలామంది తామే అడుగుతారు, దాని అతుకుకు ఇత్తడి బాగుంటుందా, రాగి బాగుంటుందా అని.